ఓటమి తెలియని వీరుడూ, మా మామిడితోటా

పోయిన వేసవిలో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి నూజివీడు వస్తూ సంచీలో ఓ లావుపాటి పుస్తకం, గుప్పెడు పాచికలు పట్టుకొచ్చాడు. మనం వైకుంఠపాళీ ఆడే ఆరు ముఖాల పాచికలు కావు. నాలుగు ముఖాలది, ఎనిమిది ముఖాలది, పది ముఖాలది, ఇరవై ముఖాలది, ఒక్కోటి ఒక్కో రంగు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన ఆట. చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడతారు. కథ నడిపేవాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళకి తలో పాత్ర. అయితే "నేను గోడ దూకేశా" అంటే చెల్లదు. పాచిక వెయ్యాలి. పడ్డ అంకెను బట్టి గోడ దూకాడో, కాలు విరగ్గొట్టుకున్నాడో తేలుతుంది.

మా ఇంటి పంచలో, కోసిన కాయ పరిచిన వరిగడ్డి పక్కనే, నలుగురు పిల్లలు చాప వేసుకు కూర్చున్నారు. అందర్లోకీ చిన్నవాడు ఎనిమిదో తరగతి. వాడు తన వీరుణ్ణి తయారుచేసుకున్నాడు: డ్రాగన్ల వంశంలో ఆఖరివాడు. రెండు చేతులా రెండు కత్తులు. నిప్పు కాల్చదు, విషం ఎక్కదు. అమ్మానాన్నల్ని చంపినవాళ్ళ మీద పగ. నిబంధనల ప్రకారం కుదరకపోయినా మా మేనల్లుడు ఈ ఒక్కసారికీ పోనీలే అన్నాడు.

అరగంటలో ఆట అయిపోయింది. దొంగల ముఠా ఒక్క వేటుకి పోయింది. కొండ రాక్షసుడు రెండో వేటుకి పోయాడు. మిగతా ముగ్గురికీ చెయ్యడానికి పనేం లేక ఒకడు ఫోను తీశాడు, ఒకడు గడ్డిలో చెయ్యిపెట్టి పండిన కాయ వెతుక్కున్నాడు. చివరికి ఆ వీరుడి సొంతదారుకే విసుగొచ్చింది.

"ఇప్పుడేంటి?" అన్నాడు.

"ఏముంది, అందరూ చచ్చారు" అన్నాడు మేనల్లుడు. నా వైపు తిరిగి, "వీణ్ణి ఓపీ క్యారెక్టర్ అంటారు మావయ్యా. మరీ ఎక్కువ బలం. కొత్తగా ఆడేవాళ్ళు చాలామంది ఇట్లాంటోణ్ణే తయారుచేసుకుంటారు" అన్నాడు.

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో నాకూ ఒకడుండేవాడు.

*

వాడి పేరు షాడో. మధుబాబు నవలలు చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళకి ఎంత చెప్పినా ఆ మత్తు తెలీదు. సీఐబీ ఏజెంటు. పైన కులకర్ణిగారు, పక్కన గంగారాం. ఎంతమంది చుట్టుముట్టినా, ఏ దేశంలో ఏ చెరసాల్లో పడేసినా షాడో బయటికొస్తాడు. అది మాకు తెలుసు. తెలిసే చదివేవాళ్ళం. ఆ రచయిత మా పక్కనే హనుమాన్ జంక్షన్ మనిషని మా క్లాసులో చెప్పుకునేవాళ్ళం. బస్సెక్కితే గంటలోపు చేరే ఊళ్ళో కూర్చుని ఒకాయన ప్రపంచాన్నంతా తిప్పి కొడుతున్నాడంటే మాకు ఛాతీ పొంగేది.

అద్దె పుస్తకాల కొట్టులో తెచ్చుకున్న నవలకి అట్ట ఉండేది కాదు. మొదటి నాలుగు పేజీలూ, ఒక్కోసారి చివరి పేజీ కూడా ఉండేవి కావు. చివరి పేజీ లేకపోయినా ఏం నష్టం లేదు. గెలిచేది ఎవరో తెలుసు కదా.

వేసవి సెలవుల్లో తోట కాపలా నాది. కాపలా అంటే నులకమంచం మీద పడుకుని కోతుల్నీ, పిల్లల్నీ అదిలించడం. ఆ మంచం మీదే నేను షాడో నవలలన్నీ చదివాను. ఓ పేజీ చదవడం, లేచి ఓ రాయి విసరడం, మళ్ళీ చదవడం.

తొమ్మిదో తరగతి అయిన వేసవి సంగతి చెప్పాలి.

మాది ఆరెకరాల తోట. ఎక్కువ చిన్నరసాలు, కొంత బంగినపల్లి, గట్ల వెంబడి కలెక్టరు కాయ. మా వైపు చాలామందిలాగే నాన్న కూడా పూత మీదే తోట అమ్మేసేవాడు. చెట్టు నిండా పూత ఉన్నప్పుడు వ్యాపారి వచ్చి చూసి బేరమాడతాడు. కొంత బయానా, పిందె కట్టాక కొంత, కోతకి ముందు మిగతాది. ఆ తర్వాత కాసినా రాలినా కొన్నవాడిదే. కాగితం మీద రాసుకునేది తక్కువ, మాట మీద నడిచేది ఎక్కువ. ఆలోచిస్తే ఇదీ పాచికలాటే. మంచు ఎక్కువైతే బూడిద తెగులు. అది తప్పితే తేనెమంచు పురుగు. అదీ తప్పితే పిందె రాలడం. అన్నీ దాటుకుని కాయ కంటికి కనపడ్డాక ఏప్రిల్, మే నెలల్లో గాలి. ఒక్కో గండం దగ్గరా ఒక్కోసారి పాచిక వెయ్యాలి.

ఆ ఏడు అన్నీ బాగా పడ్డాయి, ఆఖరుది తప్ప. మధ్యాహ్నం దాకా ఆకు కదల్లేదు. సాయంత్రం పడమట మబ్బు లేచింది. మొత్తం అరగంట. తెల్లారి చూస్తే నేల కనపడలేదు, అంతా కాయే. టెంక ముదరని కాయ మాగబెట్టినా పండదు. పచ్చళ్ళకీ, ఒరుగులకీ వాళ్ళు ఎంతకడిగితే అంతకి ఇచ్చెయ్యాలి.

నాలుగో రోజున వ్యాపారి వచ్చాడు. మిగతా డబ్బు ఇవ్వనన్నాడు. మొదట నెమ్మదిగానే అన్నాడు. మాట మాట పెరిగి, కోతకొచ్చిన కూలీలందరి ముందూ, "ఏం చేసుకుంటావో చేసుకో, పెద్దమనుషుల్లో పెట్టుకుంటావా, పెట్టుకో" అని అరిచాడు. నువ్వు అన్నాడు మా నాన్నని. నాన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కాసేపాగి, "సరే కానీండి. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి" అన్నాడు.

నేను మంచం మీదున్నాను. పుస్తకం మూసి, చదువుతున్న పేజీలో వేలు పెట్టుకున్నాను. షాడో అయితే ఏం చేసేవాడో నాకు తెలుసు. ఆ దెబ్బ ఎట్లా పడాలో, వ్యాపారి ఎక్కడ పడాలో కూడా చూసుకున్నాను. మజ్జిగ గ్లాసు తెమ్మని నాన్న నన్నే పిలిచాడు. తెచ్చిచ్చాను. నాన్న మొహం చూడలేదు.

ఆ జూన్‌లో అమ్మ బంగారు గాజులు నాలుగూ టౌన్లో తాకట్టుకి వెళ్ళాయి. అక్క కాలేజీ ఫీజు కట్టాలి. అవి మళ్ళీ ఇంటికి రాలేదు. ఎవరైనా అడిగితే, "చెయ్యి లావైంది, పట్టట్లేదు" అనేది అమ్మ.

*

ఇలాంటి హీరోల మీద అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది: నిజజీవితంలో ఇట్లా జరగదు, ఇదంతా పగటికల, పలాయనం. నేను ఆ మాట అనలేను. రాళ్ళు విసురుతూ పడుకున్న పిల్లాడికి పగటికల కూడా లేకపోతే ఏం మిగులుతుంది? ఇప్పటి మన సినిమాల్లో హీరో నడిచొస్తుంటేనే జీపులు గాల్లోకి లేస్తాయి. హాల్లో ఈలవేసే కుర్రాళ్ళకి అది అబద్ధమని తెలీదనుకుంటే పొరపాటు. పొద్దున్నించీ ఎవరెవరితో మాట పడి వచ్చారో వాళ్ళకే తెలుసు.

నా ఫిర్యాదు వేరే. ఓడిపోనివాడి వెనకే నడిచీ నడిచీ, ఓడిపోయినవాడు కనపడితే అసహ్యించుకోవడం అలవాటైంది నాకు. షాడో నాకు ధైర్యం నేర్పాడో లేదో తెలీదు గానీ, మా నాన్నని పిరికివాడిగా చూడటం ఆ కళ్ళద్దాలతోనే నేర్చుకున్నాను. తప్పు ఆ నవలలది కాదు. అవి ఏం ఇస్తామని చెప్పాయో అది ఇచ్చాయి. ఆ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టడం చేతకానిది నాకు. నేను ఉద్యోగానికి వెళ్ళిపోయాక కూడా ఫోన్లో నాన్నతో మా మాటలు "తిన్నావా, వర్షం పడిందా" దాటేవి కావు.

మన జానపదాల్లో ఈ కోరిక తీర్చే బలం గురించి బాగా ఆలోచించినవాళ్ళున్నారు. ‘పాతాళ భైరవి’ 1951లో వచ్చింది. విజయా వారి సినిమా, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. హీరో ఎవరు? తోటమాలి కొడుకు. పేరే తోటరాముడు. మాలాంటి తోటలవాళ్ళు మనవాడే అనుకోదగ్గ హీరో. రాజకుమారి కావాలంటే డబ్బు తెమ్మన్నాడు రాజు. అడిగిందల్లా ఇచ్చే భైరవి బొమ్మ దొరికింది. రాత్రికి రాత్రి మేడ లేచింది. మామూలు కోరికల కథ అయితే అక్కడ శుభం కార్డు పడాలి. పింగళి అక్కడ ఆపలేదు. బొమ్మ చెయ్యి మారి మాంత్రికుడి దగ్గరికి పోయింది. మేడా పోయింది, రాజకుమారీ పోయింది. బొమ్మకి మంచివాడెవడో చెడ్డవాడెవడో తెలీదు. చేతిలో ఉన్నవాడి మాట వింటుంది, అంతే. బొమ్మ లేని రాముడు, అంజిగాడి తోడుతో, మాంత్రికుడికి గడ్డం గీయించి గెలిచాడు. నాకు గుర్తుండిపోయింది మేడ కాదు, ఆ మంగలిపనే.

ఆ నేపాళ మాంత్రికుడు వేసిన ఎస్.వి. రంగారావు పుట్టింది మా నూజివీడులోనే, 1918లో. ఆరేళ్ళ తర్వాత 1957లో ఆయనే ‘మాయాబజార్’లో ఘటోత్కచుడయ్యాడు. ఆ సినిమా మొత్తంలో కృష్ణుణ్ణి పక్కన పెడితే అంత బలమున్నవాడు ఇంకొకడు లేడు. కానీ ఆ బలమంతా దేనికి వాడాడు? పెళ్ళివారిని ఆటపట్టించడానికి. విందు ఖాళీ చెయ్యడానికి, గింబళీలూ గిల్పాలూ పరిచి ఏడిపించడానికి. యుద్ధం దాకా పోలేదు. అంత బలవంతుణ్ణి కథలో పెట్టి కూడా కథ చచ్చిపోకుండా చూసుకోవడం ఎట్లాగో వాళ్ళకి తెలుసు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళలోనూ అంతే. ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ చదివినవాళ్ళకి ఖడ్గవర్మా, జీవదత్తుడూ గుర్తుంటారు. ఒకడికి కత్తి, ఒకడికి మంత్రదండం. ఏ ఒక్కడికీ రెండూ లేవు. అందుకే ఒకడికి ఇంకొకడు కావాలి.

ఈ పాచికలాట కనిపెట్టినవాళ్ళకి కూడా ఈ తలనొప్పి మొదట్లోనే వచ్చిందట. మేనల్లుడు చెప్పాడు. ఆట వచ్చిన మరుసటి ఏడాది, 1975లోనే, తమ వీరులకి తిరుగులేదని ధీమాగా ఉన్న ఆటగాళ్ళ కోసం గైగాక్స్ ‘టూమ్ ఆఫ్ హారర్స్’ అనే సమాధి కథ తయారుచేశాడు. అందులో గోడకి చెక్కిన ఒక రాక్షసుడి మొహం ఉంటుంది. నోరు తెరుచుకుని, లోపలంతా చీకటి. దారి అనుకుని అందులో దూరినవాడు ఇంక లేడు. ఎంత బలముందన్నది లెక్క లేదు, పాచిక వేసే అవకాశం కూడా లేదు. వినగానే నాకు ఏప్రిల్ నెల గాలి గుర్తొచ్చింది.

*

రెండో రాత్రి నుంచి మేనల్లుడు పద్ధతి మార్చాడు. డ్రాగన్ల వారసుడు సెలవు పుచ్చుకున్నాడు. అందరూ మామూలు మనుషులయ్యారు. పడకకుర్చీలో కూర్చుని వింటున్న నాన్నని కూడా, "తాతయ్యా, నువ్వూ రా" అని లాగారు. కత్తి కావాలా, విల్లు కావాలా అంటే, "నాకెందుకురా అయ్యి? ఓ కుక్కనీ, ఓ టార్చిలైటునీ ఇవ్వు" అన్నాడు నాన్న. ఆ కాలంలో టార్చిలైట్లు ఉండవన్నారు. లాంతరు దగ్గర రాజీ కుదిరింది.

మూడో రాత్రి వాళ్ళకో ఉంగరం దొరికింది. మూడు కోరికల ఉంగరం. ఒకటి ఎవరో ముందే వాడేశారు, రెండు మిగిలాయి. మొదటిది పెద్దవాడు కాబట్టి తాతయ్యకిచ్చారు. పిల్లలు ఒకటే గోల. రాజ్యం అడుగు తాతయ్యా, చావు లేకుండా అడుగు, డ్రాగన్ని అడుగు.

"రాజ్యం ఏం చేసుకుంటాంరా? దానికి మళ్ళీ కాపలా ఎవరు?" అన్నాడు నాన్న. చాలాసేపు ఆలోచించాడు. "కాయ ముదిరిందాకా గాలి రాకుండా ఉంటే చాలు."

పిల్లలు ఉసూరుమన్నారు. మేనల్లుడు మాత్రం పుస్తకం తిరగేశాడు. 2014లో వచ్చిన ఐదో కూర్పు అది. "ఉంది తాతయ్యా. వాతావరణాన్ని అదుపు చేసే మంత్రం. కోరికతో ఆ మంత్రాన్ని తెచ్చుకుంటే ఏ ప్రమాదమూ లేదు. చుట్టూ ఐదు మైళ్ళ దాకా పనిచేస్తుంది."

"ఐదు మైళ్ళంటే మంచిదేగా. ఊరందరి తోటలూ వస్తాయి."

"కానీ ఎనిమిది గంటలే. ఆ ఎనిమిది గంటలూ మనసు దాని మీదే పెట్టాలి. నిద్ర పట్టిందా, మంత్రం పోతుంది."

"ఊఁ."

"ఇంకోటి. ఆరుబయటే ఉండాలి. నెత్తిన ఆకాశం కనపడాలి. పాకలోకి పోయినా పోయినట్టే."

నాన్న పెద్దగా నవ్వాడు. "గాలి రోజున రాత్రంతా నిద్ర లేకుండా, బయట నిలబడి, పైకి చూస్తా కూర్చోవడమేగా? అది నేను నలభై ఏళ్ళ నుంచి చేస్తన్నాన్రా. ఇంతకాలం ఉంగరం లేకనా పని చెయ్యంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగేశాను. "ఆ ఏడు గాలికి అంతా పోయినప్పుడు, అతన్ని ఊరికే ఎందుకు వదిలేశావు నాన్నా? మజ్జిగ కూడా ఇచ్చావు."

ఎవరి గురించో చెప్పక్కర్లేకపోయింది. నాన్న కూడా మరిచిపోలేదన్నమాట.

"గాలికి రాలింది అతని కాయేగదరా" అన్నాడు కాసేపటికి. "నా డబ్బు నాకియ్యాలి, నిజమే. ఎక్కణ్ణుంచి తెస్తాడు? మార్కెట్లో అప్పు తెచ్చి నాకు బయానా ఇచ్చాడు. అరిచాడంటే, అరవడానికి ఇంకెవరూ దొరక్క అరిచాడు. మళ్ళీ ఏడు మన తోట గడపలోకి వచ్చి పూత చూసింది కూడా అతనే. ఇంకెవరూ రాలేదు."

ఇది ధైర్యమా, వేరే దారి లేని సర్దుబాటా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. షాడో నవలలో ఈ మనిషికి పాత్ర లేదన్నది మాత్రం తెలిసింది. వ్యాపారికీ లేదు. దెబ్బ తిని ఎక్కడో పడేదాకానే అతను కనపడతాడు. ఇంటికెళ్ళి అప్పులవాళ్ళకి ఏం చెప్పుకున్నాడన్నది ఏ పేజీలోనూ ఉండదు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర కూర్చుని మాగాయకి ముక్కలు కోస్తున్న అమ్మ కత్తిపీట ఆపింది.

"ఆయన మంచితనానికి నా గాజులు పోయినయ్యి" అంది. కోపంగా ఏం అన్లేదు. లెక్క సరిచేస్తున్నట్టు అంది. "ఇంకో కోరిక ఉందన్నావుగా. నా గాజులు నాకిమ్మను."

పంచలో ఎవరూ మాట్లాడలేదు. నాన్న నేల చూపులు చూశాడు, ఆ రోజులాగే.

మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు. వాడికి సగమే తెలుసు ఈ కథ. "అమ్మమ్మా, వస్తువు కావాలంటే ప్రమాదం ఉంది. గాజులు తప్పకుండా వస్తాయి. కానీ నూటికి ముప్పైమూడు వంతులు, ఇంక జన్మలో ఇట్లాంటి కోరిక కోరలేవు. కొన్నాళ్ళు ఒంట్లో బలం కూడా బాగా తగ్గిపోద్ది."

"ఇప్పుడేం ఉందని పోవడానికి? ఇటివ్వు."

చేతులు పైటకి తుడుచుకుని, పది ముఖాల పాచికలు రెండూ తీసుకుంది. గవ్వలు వేసినట్టు రెండు చేతుల మధ్యా గిలకరించి చాప మీద వేసింది. డెబ్భై ఒకటి పడింది. పిల్లలు ఎగిరి గంతేశారు.

"గండం గడిచింది అమ్మమ్మా! గాజులు వచ్చేసినయ్యి. ఎన్ని కావాలో చెప్పు, ఎంత బరువు కావాలో చెప్పు. పుస్తకం ప్రకారం ఇరవై అయిదు వేల బంగారు నాణేల దాకా అడగొచ్చు. వడ్డాణం అడుగు, కిరీటం అడుగు!"

అమ్మ తన ముంజేతుల వైపు చూసుకుంది.

"నాలుగు" అంది. "అప్పుడున్నయ్యి నాలుగేగా."